నీకొక్కడికే సగం

పోయిన నవంబరులో మా ఇంట్లో, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్ నాడు వీరభద్రరావు మా డిష్‌వాషర్‌లో చేత్తో గిన్నెలు తోముకునే పచ్చ సబ్బునీళ్ళు ఒక గ్లాసుడు పోసి, తలుపు మూసి, మీట నొక్కాడు. ఆ యంత్రానికి వేరే సబ్బు ఉంటుంది. కాసేపటికి తలుపు కింది సందులోంచి నురగ బయలుదేరింది. ముందు వంటింటి గచ్చు నిండింది. తరువాత పిల్లల బూట్లు మునిగాయి. నురగ భోజనాల బల్ల కాళ్ళ దాకా వచ్చాక మా ఆవిడ ఉమ చూసి పరుగెత్తుకొచ్చింది. అప్పటికి వీరభద్రరావు మా స్నానాల తువ్వాళ్ళు రెండు నేలమీద పరిచి, వాటి మీద నిలబడి ఉన్నాడు.

“మీది కొంచెం ఎక్కువ తోమే రకంలా ఉందండీ” అన్నాడు.

అతను అమెరికా వచ్చి పద్నాలుగేళ్ళయింది. వాళ్ళింట్లోనూ డిష్‌వాషర్ ఉంది. అందులో ఏ సబ్బు వేయాలో, ఆ సబ్బు ఏ కొట్లో ఏ వారం చవకో అతనికి తెలిసినంతగా మా ఊరు అరోరాలో ఇంకెవరికీ తెలియదు. అయినా పొరపాటు జరిగిందంటే దానికి కారణం హాల్లో మగవాళ్ళు అప్పుడే మొదలుపెట్టిన కబుర్లు. అవి చెవిన పడగానే అతను చేతికందిన ఎంగిలి పళ్ళాలు పోగుచేసుకుని వంటింట్లోకి పారిపోయాడు.

నవంబరు అంటే మావాళ్ళకి ఇన్సూరెన్స్ మాసం. వచ్చే ఏడాదికి ఏ హెల్త్ ప్లాన్ తీసుకోవాలో ఆఫీస్‌లో చెప్పాల్సింది అప్పుడే. కాబట్టి ఏ ఇంట్లో నలుగురు కలిసినా అదే మాట. కుటుంబానికి నెలకి జీతంలోంచి ఎంత కోస్తున్నారు, ఇన్సూరెన్స్ వాళ్ళు చెయ్యి వేసేలోపు మన జేబులోంచి ఎంత పెట్టుకోవాలి, పిల్లల పళ్ళకి క్లిప్పులు వేయిస్తే ఇస్తారా ఇవ్వరా. జీతం ఎంతని అడిగితే మర్యాద తప్పినట్టు. ఇన్సూరెన్స్‌కి ఎంత కోస్తున్నారని అడిగితే తప్పు లేదు, పైగా దాన్ని పట్టుకుని అవతలివాడి కంపెనీ ఎంతటిదో ఇట్టే తెలుసుకోవచ్చు. పెద్ద కంపెనీలో ఉన్నవాడు “మాకు నాలుగొందలే అనుకుంటా, సరిగ్గా చూసుకోలేదు” అని సోఫాలో ఇంకాస్త వెనక్కి వాలతాడు. సరిగ్గా చూసుకోనివాడు ఆ గదిలో ఒక్కడూ ఉండడు.

అలాంటి చోట వీరభద్రరావు ఒక్కడే నోరు విప్పేవాడు కాదు. లేచి మజ్జిగ తెస్తాననేవాడు. లేదా పిల్లలు కిందేం చేస్తున్నారో చూసొస్తాననేవాడు. మా ఆడవాళ్ళలో అతనికి పనిమంతుడన్న పేరు అలా వచ్చిందే. “ఆయన్ని చూసి నేర్చుకోండి” అని ఉమ నాతో చాలాసార్లు అంది.

ఇది వింతగా ఎందుకుండేదంటే, బెండకాయలు కొనాలన్నా మూడు ఇండియన్ కొట్లు తిరిగే మనిషి అతను. పెట్రోలు కోసం పక్క ఊరు నేపర్‌విల్ దాటి వెళ్తాడు. నేను కారు కొంటే ముందు ధర అడిగి, తరువాత నా వంక జాలిగా చూసి, “కొనేశారుగా, ఇంకెందుకు లెండి” అంటాడు. ఆ తరువాత నాలుగు రోజులు నాకు నిద్ర పట్టదు. అన్నిటినీ పోల్చి చూసేవాడు ఇన్సూరెన్స్ ఒక్కటీ పోల్చకపోవడానికి కారణం జగదీష్.

జగదీష్‌ది చిన్న కన్సల్టింగ్ కంపెనీ. పదిహేనుమందిని పెట్టుకుని, ఒక్కొక్కరినీ ఒక్కో పెద్ద కంపెనీకి పనికి పంపుతాడు. తొమ్మిదేళ్ళ కిందట వీరభద్రరావు చేస్తున్న చోట ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, సామాను సర్దుకునే స్థితిలో ఉంటే పిలిచి ఉద్యోగమిచ్చాడు. గ్రీన్ కార్డ్ కాగితాలు మొదలుపెట్టించాడు. ఇద్దరిదీ తణుకు పక్కే. వీరభద్రరావు భార్య నమ్రతకి కూతురు అవని పుట్టినప్పుడు జగదీష్ భార్య రేణు రోజూ పథ్యం వండి క్యారియర్‌లో పంపింది. ఆ మంచులో, తానే కారు నడుపుకుంటూ. వీరభద్రరావు అతన్ని అన్నయ్యా అని పిలవడం అప్పటినుంచే.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం జగదీష్ అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, ఇన్సూరెన్స్ సంగతి చెప్పాడు. చిన్న కంపెనీ కాబట్టి ఎవరి ఇన్సూరెన్స్ వాళ్ళే పూర్తిగా కట్టుకోవాలి, నీకు మాత్రం సగం నేను పెడుతున్నాను, మిగతావాళ్ళకి తెలిస్తే అందరూ అడుగుతారు, కంపెనీ మూసుకోవాలి, ఈ మాట మన ఇద్దరి మధ్యే ఉండాలి. అలా నెలకి రెండు వేల డాలర్ల పైచిలుకు వీరభద్రరావు జీతంలోంచి పోయేది. మిగతా రెండు వేలు అన్నయ్య పెడుతున్నాడు. ఎవరికీ చెప్పనని అతను మాటిచ్చాడు. ఇచ్చిన మాట కోసమే మా డిష్‌వాషర్ ఆ అవస్థ పడింది.

ఇంతటితో ఆగితే బాగుండేది. కాని వీరభద్రరావు మొహమాటం ఇంట్లోకీ వచ్చింది. పోయిన ఏడాది నమ్రతకి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేచేది కాదు. డాక్టరు చూసి, వారం వారం ఫిజియోథెరపీకి రమ్మన్నాడు, ఆలస్యం చేస్తే బిగుసుకుపోతుందన్నాడు. వీరభద్రరావు ఆలోచించాడు. సగం అన్నయ్యది. మనం మరీ వాడేస్తే వచ్చే ఏడాది కంపెనీకి రేటు పెంచుతారు, ఆ భారం ఆయన మీద పడుతుంది. కొన్నాళ్ళు బామ్ రాసి చూద్దామన్నాడు. నమ్రత సరేనంది. రేణు క్యారియర్ ఆవిడకీ గుర్తుంది. ఆ ఏడాది అవనికి జడ వేసే పని వీరభద్రరావు చేతికొచ్చింది. అతను వేసే జడ స్కూలు బస్సు ఎక్కేలోపే విడిపోయేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నేనూ అతనూ గుడి క్యాంటీన్‌లో ఇడ్లీ తింటున్నాం. ఫణి స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నాడు. ఫణిది కరీంనగర్. జగదీష్ దగ్గరే పనిచేసేవాడు, క్లయింట్ ప్రాజెక్టు ఆపేయడంతో జనవరిలో ఉద్యోగం పోయింది. గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి దేశం వదలక్కర్లేదు గాని, ఇద్దరు చిన్నపిల్లలు, ఇన్సూరెన్స్ లేకపోతే గడవదు. ఉద్యోగం పోయినవాళ్ళు పాత ఇన్సూరెన్స్‌నే కొన్నాళ్ళు కొనసాగించుకోవచ్చు, కాకపోతే కంపెనీ పెట్టే భాగం కూడా కలిపి మొత్తం తామే కట్టుకోవాలి. మావాళ్ళు దాన్ని కోబ్రా అంటారు. కాటు అలా ఉంటుంది మరి. ఫణి కూడా ఆ కాటుకి సిద్ధపడ్డాడు.

కాని అతని మొహం వెలిగిపోతోంది. డబ్బా మూత తీసి మా ముందుకు జరిపాడు.

“మీరు మనోళ్ళని చెప్తున్న అన్నా, బయట అనొద్దు. జగదీషన్న దేవుడు. జాబ్‌ల ఉన్నప్పుడు నా ఒక్కనికే సగం ఇన్సూరెన్స్ ఆయన కట్టేటోడు. ఇప్పుడు జాబ్ పోయింది, డబల్ అయితదని గజగజ వణికిన. ఇన్సూరెన్సోళ్ళకి ఫోన్ చేసి అడిగితే గదే పైసలు అన్నరు. ఒక్క డాలర్ పెరగలే. అంటే ఇప్పుడు గూడ సగం ఆయనే కడ్తున్నడు, నాకు చెప్పకుండ.”

నేను కాజూ కత్లీ తీసుకున్నాను. వీరభద్రరావు తీసుకోలేదు.

“నీ ఒక్కడికే అన్నారా?” అని అడిగాడు.

“పెరట్లకి తీస్కపోయి చెప్పిండన్నా.”

ఫణి పోయాక చాలాసేపు అతను ఇడ్లీని చెంచాతో ముక్కలు చేస్తూ కూర్చున్నాడు. తినలేదు. తరువాత, ఫణికి లెక్క సరిగ్గా అర్థమై ఉండదన్నాడు. ఫణి లెక్కల్లో బంగారు పతకం తెచ్చుకున్నవాడని నేను గుర్తుచేశాను. అయితే ఇన్సూరెన్స్ వాళ్ళే పొరపడి ఉంటారన్నాడు. ఆ వారమంతా అతను ఎదుటివాళ్ళ మీద ఒక్కో తప్పు మోపుతూ అన్నయ్యని కాపాడుకొచ్చాడు. మంచివాళ్ళకి ఈ పని చాలా కష్టం. తప్పు మోపినవాళ్ళ మీద మళ్ళీ జాలిపడి, వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది.

చివరికి శుక్రవారం మధ్యాహ్నం నా కార్‌లో కూర్చుని, ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి ఫోన్ చేశాడు. ఒకవేళ నేను ఉద్యోగం మానేస్తే నెలకి మొత్తం ఎంత కట్టుకోవాలి అని అడిగాడు. ఆవిడ ఎంతో మర్యాదగా, ఇప్పుడు మీ జీతంలోంచి ఎంత పోతోందో అంతేనండి, మీ కంపెనీ ఏమీ కలపడం లేదు కదా అంది. అతను ఆవిడకి థాంక్స్ చెప్పాడు. పిల్లలెంతమందని కూడా అడిగాడు. ఫోన్ పెట్టేశాక ఆ సీట్‌బెల్ట్ విప్పడం అతనికి రాలేదు. నేనే విప్పాను.

ఆ సాయంత్రం జగదీష్ ఇంటికి వెళ్ళి, పెసరట్టు తిని, ఏమీ అడగకుండా తిరిగొచ్చాడు. రేణు గారు అంత ప్రేమగా వడ్డిస్తుంటే ఎలా అడుగుతామండీ అన్నాడు. అడిగే ఉద్దేశం ఉన్నప్పుడు ఇంట్లో తినేసి వెళ్ళాలని నేను సలహా ఇచ్చాను. రెండోసారి అలాగే తినేసి వెళ్ళాడు, తోడు నన్ను కూడా తీసుకెళ్ళాడు.

జగదీష్ కోపగించుకోలేదు. అదే నాకు ఆశ్చర్యం. తెలియని పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

“కంపెనీ నడపడమంటే నీకేం తెలుసు భద్రం. నీ లాయర్ ఫీజు ఎక్కడినుంచి వచ్చిందనుకున్నావు? నీకు ప్రాజెక్ట్ లేని రెండు నెలలు పేరోల్ రన్ చేసి జీతం ఎవరిచ్చారు? అటుది ఇటు, ఇటుది అటు. అన్నీ నీ కోసమే కదా.”

“సగం కడుతున్నానన్నారు కదన్నయ్యా.”

“కట్టినట్టే అనుకో.”

వీరభద్రరావు తల ఊపాడు. కట్టినట్టే అనుకోవడానికి నిజంగానే ప్రయత్నిస్తున్నాడేమో అనిపించింది నాకు. మేం బయల్దేరుతుంటే రేణు కొత్త ఆవకాయ సీసా తెచ్చి చేతిలో పెట్టింది. ఆవిడకి ఏమీ తెలియదు. అతను వద్దనలేక తీసుకున్నాడు.

ఇంట్లో జరిగింది ఉమతో నమ్రత తరువాత చెప్పింది. అతను జరిగినదంతా చెప్పాడట. ఆవిడ ఆవకాయ సీసా తీసుకుని ఎడమచేత్తో ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టి, అప్పుడంది:

“డబ్బు సంగతి కాదండీ. సంవత్సరం పాటు ఈ నొప్పి ఆయన మీద భారం పడకూడదని భరించాను. ఆయనకి నేను నొప్పి పడుతున్నట్టు కూడా తెలీదు.”

ఆ మాట విన్నాకే వీరభద్రరావుకి నిజంగా తెలిసొచ్చిందని నా అనుమానం. అతను అన్నయ్యకి ఇచ్చింది రెండు వేల డాలర్లు కాదు. నమ్రత భుజం ఇచ్చాడు, ఆ మనిషి అడగకుండానే. అడిగి తీసుకుంటే మోసం అనవచ్చు. అడగకుండా ఇచ్చినదాన్ని ఏమనాలో అతనికి తోచలేదు. కొన్నాళ్ళు మా పాట్‌లక్‌లకి రావడం మానేశాడు. ఒకసారి కొట్లో బెండకాయల దగ్గర కనిపించాడు. ధర చూడకుండా సంచిలో వేసుకుంటున్నాడు. నాకు భయమేసింది.

మార్చిలో అతను మెల్లగా కోలుకుని, జగదీష్ దగ్గర పనిచేసేవాళ్ళకి ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. వాళ్ళెవరూ ఒకచోట పనిచేసేవాళ్ళు కాదు, దీపావళికి బాసు ఇంట్లో తప్ప కలుసుకునేవాళ్ళూ కాదు. ఎవరితో ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు. ఫోన్ అవతలివాళ్ళు ఏమన్నారో మాత్రం కొంత చెప్పాడు. ఒకతను, మా నాన్నకి గుండెనొప్పి వచ్చినప్పుడు నాన్న పేరుతో పాటు ఆ అన్నయ్య పేరున కూడా గుడిలో అర్చన చేయించానన్నాడట. ఇంకొకతను ఏడ్చాడట. వేసవి అయ్యేలోపు సగంమంది వేరే కంపెనీలకి మారిపోయారు. గ్రీన్ కార్డ్ వరసలో తన స్థానం పోదని లాయరు చెప్పాక వీరభద్రరావు కూడా మారాడు. కొత్త ఇన్సూరెన్స్ మీద నమ్రత ఫిజియోథెరపీకి వెళ్తోంది. చెయ్యి చెవి దాకా వస్తోంది. ఆలస్యమైంది కాబట్టి ఇంకా పైకి లేవకపోవచ్చని చెప్పారట.

వినాయకచవితికి మావాళ్ళు ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకున్నారు. పులిహోర వరసలో నా ముందు వీరభద్రరావు, అతని ముందు నమ్రత. జగదీష్ కాగితం పళ్ళెం పట్టుకుని పక్కనుంచి వచ్చాడు. బాగా చిక్కాడు. ఎవరూ పలకరించకపోవడం అతనికి కొత్త. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, నిజంగానే బాధపడుతూ అన్నాడు:

“తొమ్మిదేళ్ళు సొంత తమ్ముడనుకున్నాను భద్రం. నిన్ను నమ్మి, నీకొక్కడికే అని చెప్పిన మాట తీసుకెళ్ళి అందరికీ చెప్పేశావు.”

వీరభద్రరావు నమ్రత పళ్ళెంలోకి ఇంకో గరిటె పులిహోర వేయించి, జగదీష్ వైపు తిరిగాడు.

“అందరికీ చెప్పలేదన్నయ్యా, ఒక్కొక్కడికీ విడిగా ఫోన్ చేసి, నీకొక్కడికే చెబుతున్నానని చెప్పాను.”