మొదటి రోజు నేను మింగేసిన మాట

పదేళ్ల కిందట, వానలు వెనకబట్టిన నెలలో, యాంగాన్‌లో పిల్లల టెన్నిస్ శిబిరానికి నన్ను దుబాసీగా వేశారు. కోచ్ జర్మన్. దేశాలన్నీ తిరిగి ఆడి, భుజం దెబ్బతిని, వయసుండగానే ఆట మానుకున్న మనిషి. నేను ఓడల మీద పనిచేసిన రోజుల్లో జర్మన్ నేర్చుకుని, ఒడ్డుకు చేరాక దాన్నే వృత్తి చేసుకున్నాను.

దుబాసీకి పద్ధతులుంటాయి. మాట్లాడే మనిషికి అరడుగు వెనక, పక్కగా నిలబడాలి. ఆయన మాటకు ఏదీ కలపకూడదు, అందులోంచి ఏదీ తీయకూడదు. కొత్తవాళ్లకు ఈ నియమాలు నేర్పిందీ నేనే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతాను.

పిల్లల్లో నీలవేణి తెలుగమ్మాయి. తండ్రి ఊ అప్పన్నకు ఆ ఊళ్లోనే పజుండౌంగ్ పేటలో పప్పుల దుకాణం. బర్మా మర్యాద ప్రకారం అందరూ ఆయన్ను 'ఊ' చేర్చి పిలుస్తారు, నాకు మాత్రం అన్న. కూతురికి బంతి పైకెగరేసి కొట్టే సర్వీసు ఆయనే నేర్పాడు. జాతీయ జట్టు ఎంపిక దగ్గర పడిందని మురిసిపోతున్నాడు. మొదటి రోజు ఆమె కాసిని బంతులు కొట్టగానే కోచ్ ఆపించాడు. ఇలా కొడితే భుజం చిరుగుతుందనీ, తన భుజం ఇలాగే పోయిందనీ, నేర్పినవాళ్లు తప్పు నేర్పారనీ, వెంటనే సర్వీసు మాన్పించాలనీ అన్నాడు.

చుట్టూ మిగతా తల్లిదండ్రులున్నారు.

"ఏటంతన్నాడు తమ్ముడూ?" అన్నాడు అన్న.

"బాగుందంతన్నాడన్నా. బుజం కాస్త సూసుకోమంతన్నాడు."

నలుగురిలో ఆయన తల వంచుకోకూడదనుకున్నాను. తర్వాత విడిగా చెబుదామనుకుని, రోజూ రేపటికి నెట్టాను. కోచ్ కోర్టులో సర్వీసు ఆపించేవాడు, ఎందుకో నేను పిల్లకూ చెప్పలేదు. ఏమీ తెలియని తండ్రి సాయంత్రాలు వేరేచోట కొట్టించేవాడు.

శిబిరం ముగిసేలోపే నీలవేణి చెయ్యి పైకి లేవలేదు. భుజంలో కండరం చిరిగిందనీ, ఎంపిక సంగతి మరిచిపొమ్మనీ డాక్టరు చెప్పారు. మర్నాడు అన్న వచ్చి కోచ్ ఎదుట నిలబడ్డాడు.

"అడుగు తమ్ముడూ. ఇలాగవుతాదని తెలిసీ ముందే నాకెందుకు సెప్పనేదో అడుగు."

జర్మన్‌లో ఆ ప్రశ్న అడగాల్సింది నేనే. ఒక్క ముక్క తగ్గించకుండా అడిగాను. ఆ శిబిరంలో అప్పన్న విషయంలో నేను ఉన్నదున్నట్టు చేరవేసిన మొదటి మాట అదే. కోచ్ ఆయన వైపు చూడలేదు, నా వైపు చూశాడు. మొదటి రోజు అన్నదంతా నిదానంగా మళ్లీ అన్నాడు. ఈసారి మొత్తం తెలుగులో చెప్పాను, నేర్పినవాళ్ల తప్పుతో సహా. ఇది మొదటి రోజే అన్నాడని కూడా చెప్పాను. తల ఎత్తలేకపోయాను.



"నా పరువు నిలబెట్టేవు తమ్ముడూ," అన్నాడు అన్న. "పిల్ల సెయ్యి పోనాది."

నీలవేణి మళ్లీ ఆడలేదు. పజుండౌంగ్ వెళ్తే ఆ దుకాణమున్న వీధి తప్పించి నడుస్తాను. ఎవరి మనసు నొప్పించవచ్చో, ఎవరిది కూడదో తేల్చడం దుబాసీ పని కాదు. రిటైరయ్యేదాకా కొత్తవాళ్లకు నియమాలు వల్లించడం మానేసి, ఇదే చెప్పాను.