మొదటి సంతకం

కాడుగోడి పాతవూరిలో మునినారాయణప్ప సంతకం పడనిదే ఏ అర్జీ కదిలేది కాదు. అది ఊరి ఆనవాయితీ. అందరికంటే పైన ఆయన పేరు ఉండాలి, తర్వాతే తక్కిన ఊరు. చదివింది ఊరిబడిలో ఏడో తరగతి. అయినా కన్నడ అక్షరాల్లో ఆయన పేరు రాసే తీరు చూసి తాసీల్దారు కూడా ఒక్క క్షణం ఆగేవాడు. చివరి అక్షరం నుంచి తోక ఒకటి వెనక్కి తిరిగి పేరు కింద గీతలా సాగుతుంది. దాని కింద రెండు చుక్కలు. ఆ రెండు చుక్కలతో ఊరికి బోరు వచ్చింది, బస్సు వచ్చింది, బడికి ప్రహరీ వచ్చింది. రైలు ఇక్కడ రెండు నిమిషాలు ఎక్కువ ఆగేది కూడా తన అర్జీ వల్లనే అంటాడాయన. కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

నాలుగు తరాలుగా ఆ ఇంట్లో మాట తెలుగు, చదువు కన్నడం. రెంటి మధ్యా గోడ ఒకటి ఉందని డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఆయనకు ఎవరూ చెప్పలేదు. నవంబరు ఒకటిన, కన్నడ రాష్ట్రం ఏర్పడిన రాజ్యోత్సవం నాడు, బడిలో పసుపు ఎరుపు జెండా ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయనే కడతాడు, ఆయనే ఎగరేస్తాడు. లోపల పూలరేకులు పోసి, మడిచి, ఒక్క లాగుకు విడిపోయేలా ముడి వెయ్యడం ఊళ్ళో ఇంకెవరికీ చేతకాదు.

ఈ ఏడు శ్రావణంలో హరీశ్ ఒక అర్జీ పట్టుకొచ్చాడు. హరీశ్‌ది పక్కవీధి. వాళ్ళింట్లోనూ తెలుగే. మెడలో కన్నడ సంఘం వాళ్ళ పసుపు ఎరుపు కండువా పడ్డాక మాత్రం వీధిలో కన్నడం తప్ప మాట్లాడడు.

“తాతా, రైలు పట్టాల వెనక షెడ్లుండాయి కదా, అంతా బంగ్లాదేశం నుంచి వచ్చినోళ్ళంట. లేపించాల. ముందు నువ్వు పెట్టు.”

మునినారాయణప్ప అర్జీ అంతా చదివాడు. చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. ‘షెడ్లలో ఉండేవారందరినీ’ అని ఉంది.

“అందరినీ అంటే ఎట్లప్పా? మల్లయ్య వాళ్ళు పాలమూరోళ్ళు. రాయచూరు కన్నడమోళ్ళు కూడా ఉండారు.”

“వాళ్ళ జోలికి ఎవరు పోతారు తాతా? ఆఫీసర్లకి కండ్లు లేవా?”

“ఆఫీసర్ల సంగతి నువ్వు నాకు చెప్తావా!” అని నవ్వి ఆయన పెన్ను తీశాడు. తోక గీశాడు. రెండు చుక్కలు పెట్టాడు. ఆయన కింద నూట పన్నెండు మంది పెట్టారు.

ఆఫీసర్ల కంటే ముందు జేసీబీ వచ్చింది. మల్లయ్య భార్య నాగలక్ష్మి ఆధార్ కార్డు పైకెత్తి అడ్డం నిలబడితే ఎవరో రెక్క పట్టి లాగేశారు. రాయచూరువాళ్ళు కన్నడంలో మొత్తుకున్నారు. మధ్యాహ్నానికి అక్కడ నీలం టార్పాలిన్ పేలికలు తప్ప ఏమీ మిగల్లేదు.

అక్టోబరు చివర్లో నాగలక్ష్మి మునినారాయణప్ప వాకిట్లోకి వచ్చింది. ఆ ఇంటి మేడకు పూత పూసింది మల్లయ్య, ఇటుకలు మోసింది ఆమె.

“పెద్దసారూ, హక్కుల కమిషన్ల కేసేసినం. ఆరేండ్ల సంది ఈడ్నే కూలి చేసుకొని బతుకుతున్నమని ఊరి పెద్దమనిషి ఒకరు రాసియ్యాలంట. నాలుగో తారీకు పేషీ. లేకుంటే మాకు మళ్ళ జాగ దొరకదు. మీ ఒక్క సంతకం చాలు.”

“నేను చెయ్యక ఎవరు చేస్తారు తల్లీ? జెండా పండగ అయిపోనీ.”

“జెండకు, మాకు ఏంది సారూ?”

షెడ్లవాళ్ళ పక్షం నిలిచినవాడు మనవాడు కాదని హరీశ్ ఊరంతా చెప్పి ఉన్నాడు.

లోపలి నుంచి ఆయన భార్య కెంపమ్మ అంది: “నీ చేతికేమన్నా జొరమొచ్చిందా? ఇప్పుడే పెట్టీరాదా?”

“నీకు తెల్దు, ఊరుకో.”

ఒకటో తారీకు పొద్దున ఉతికిన పంచె కట్టుకుని ఆయన బడికి పోయాడు. రేకులు పోశాడు, మడిచాడు, ముడి వేశాడు. తాడు అందుకోబోతే హరీశ్ మెల్లగా చెయ్యి పట్టుకున్నాడు.

“తాతా, ఈసారి నువ్వు కట్టింది చాలు. లాగేది మేం లాగుతాం.”

“ఏమప్పా, నా చేతులు పడిపోయినాయా?”

“మీ ఇంట్లో మాట్లాడేది తెలుగని సిటీ నుంచి వచ్చినోళ్ళకి ఎవరో చెప్పినారు.”

“మీ అమ్మ నిన్ను జోకొట్టింది ఏ భాషలోరా?”

“మెల్లగా తాతా. నా బయమూ అదే.”

హరీశ్ లాగాడు. ఒక్క లాగుకే జెండా విచ్చుకుంది, రేకులు రాలాయి, జనం చప్పట్లు కొట్టారు. ముడి కాస్త బిగించి ఉంటే వాడి పరువు పోయేది. కానీ పని చెడగొట్టడం ఆ చేతులకు రాదు.

అట్నుంచి అటే మునినారాయణప్ప మహదేవపుర బస్సెక్కాడు. నాగలక్ష్మి చెప్పిన చోటే, కడుతున్న ఒక అపార్టుమెంటు కింద గచ్చు మీద షెడ్లవాళ్ళంతా తలదాచుకుని ఉన్నారు.

“తేమ్మా నీ కాగితం. ఎవడు ఏమంటాడో చూస్తాను,” అన్నాడు. మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు.

నాగలక్ష్మి ఆ సంతకం వైపు చూసి చూసి, మూటలోంచి ఇంకో కాగితం తీసి పక్కన పెట్టింది. శ్రావణం నాటి అర్జీ నకలు.

“నాకు సదువు రాదు సారూ. వకీలమ్మ ఇది ఇచ్చిన కాడి నుంచి రోజూ చూస్తున్న, ఈ తోక ఎవరిదా అని.”

“మిమ్మల్ని కాదమ్మా నేను అనింది...”

“మరెవర్ని సారూ?”

పొయ్యి దగ్గర రాయచూరు ముసలమ్మ, ఆ వెనక చంటిపిల్లతో బెంగాలీ అమ్మాయి ఇటే చూస్తున్నారు. ఎవరిని చూపించాలో ఆయనకు తెలియలేదు.

“అర్జీ మీద పేరున్నోళ్ళ సాక్ష్యం పనికిరాదంట. వకీలమ్మ ముందే చెప్పింది. ఊర్ల ఇంకొకర్ని అడుగుదమంటే అందరి పేర్లూ మీ కిందనే ఉన్నయి.”

“రెండూ నేను పెట్టినవే. అయితే రెండోది నిజం తల్లీ.”

“మొదటి దానికే జేసీబీ వచ్చింది సారూ.”

ఆయన ఇప్పుడు సంతకం పెట్టిన కాగితాన్ని ఆమె మడతల ప్రకారం మడిచి ఆయన జేబులో పెట్టింది. మేస్త్రీ కేకేస్తే సిమెంటు బొచ్చె ఎత్తుకుని పోయింది.