జయమణి పెద్దమ్మ పెదవులు

మా పెద్దమ్మ జయమణి పెదవులు ఎప్పుడూ కదులుతూ ఉండేవి. వాకిలి ఊడుస్తున్నా, బస్సు కోసం నిలబడ్డా, చర్చిలో చాప మీద కూర్చున్నా కళ్లు సగం మూసుకుని ఏదో అనుకుంటూనే ఉండేది. మాట మాత్రం బయటికి వచ్చేది కాదు. జగ్గయ్యపేట శివార్లలో, సున్నపురాయి క్వారీ పక్కన వాళ్ల ఇల్లు. చలికాలం పొద్దున పొగమంచూ, క్వారీ దుమ్మూ కలిసి వీధంతా పాలు ఒలికినట్టుండేది. ఆ తెలుపులో పెద్దమ్మ అలా నడిచి వస్తుంటే మనిషి నేల మీద ఉందా అని అనుమానం వచ్చేది.

వీధి వీధంతా ఒకటే మాట, జయమణి ఎడతెగని ప్రార్థనలో ఉందని. గేదె ఈనకపోయినా, పిల్లాడికి జ్వరం తగ్గకపోయినా ఆమె దగ్గరికే పరుగు. నేనూ తక్కువేం తినలేదు. డీఎస్సీ పరీక్షకు ముందు వెళ్లి బుద్ధిగా తల వంచాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది, పెదవులు కదిలాయి. ఉద్యోగం వచ్చింది, నందిగామలో టీచరునయ్యాను. పెద్దమ్మ పేరు ఇంకా పెరిగింది.

ఆ పెదవుల మీద నడిచేది ప్రార్థన కాదని మాలో ఒక్కరికీ తెలియదు.

మా చర్చిలో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉంది. అన్నం వండేటప్పుడల్లా ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి పోతుంది, లేనివాళ్లకు అందుతుంది. పెళ్లయిన కొత్తలో ఒకరోజు పెద్దమ్మ ఆ పిడికెడు తియ్యడం మరిచిపోయింది. ఆ మధ్యాహ్నమే క్వారీలో రాయి జారి, మా పెద్దనాన్న ఆశీర్వాదం కాలు చితికింది. ఆయన కుంటుతూ ఇంటికొచ్చాడు, కోలుకున్నాడు, మళ్లీ పనిలోకీ వెళ్లాడు. పెద్దమ్మ మాత్రం ఆ రోజు దగ్గరే ఆగిపోయింది.

మర్నాటి నుంచి పిడికిట్లో గింజలు లెక్కపెట్టడం మొదలైంది. జతలు జతలుగా తియ్యాలి, చివర ఒంటి గింజ మిగలకూడదు. మిగిలితే పెద్దనాన్నకు ఏదో అవుతుంది. అందుకని మళ్లీ పోసి, మళ్లీ తీసి, మళ్లీ మొదలు. తర్వాత ఇంటి వాసాలు, లారీ టైర్లు, బస్సు కిటికీలు, చర్చిలో పాటల మధ్య దగ్గులు. ఏదీ ఒంటిగా మిగలకూడదు. ఇదంతా ఆమె తర్వాత నాకు మెల్లగా చెప్పింది. "నిద్రలో కూడా అంకెలు వానలాగా పడతానే ఉండేయే జాయిసూ. పిచ్చి లెక్కని తెలుసు. తెలిసినా ఆపితే గుండె జారిపోయేది."

ఇంట్లో పొయ్యి వెలిగేది పొద్దెక్కాకే. పెద్దనాన్న ఖాళీ కడుపుతో డ్యూటీకి పోయి, దారిలో ఇడ్లీ తిని, "మా ఆవిడ ప్రార్థన కాందే పొయ్యి ముట్టించదయ్యా" అని గొప్పలు పోయేవాడు.

మొన్న జనవరిలో వాళ్ల అమ్మాయి కృపాజ్యోతికి నొప్పులొచ్చాయి. జ్యోతి మెట్టినిల్లు నందిగామే. పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్లి పెద్దమ్మకు ఫోన్ చేశాను. "బయల్దేరుతున్నా" అంది. పేట నుంచి నందిగామకు బస్సులో గంట పట్టదు. మధ్యాహ్నమైనా మనిషి లేదు. జ్యోతి నా చెయ్యి నలిపేస్తూ, "అక్కా, అమ్మ వచ్చిందా?" అని అడుగుతూనే ఉంది. పెద్దనాన్నకు ఫోన్ చేస్తే, "మోకాళ్ల మీద ఉందమ్మా, కదిలించకూడదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కన్నకూతురు ఇక్కడ అరుస్తుంటే కదలనివ్వని ప్రార్థన ఏం ప్రార్థన?

ఇంట్లో జరిగింది వేరు. ఆ రోజు లెక్క అన్ని రోజులకంటే సరిగ్గా రావాలి. పెద్దమ్మ వంటింటి తలుపు మూసుకుని, చేటలో బియ్యం పోసుకుని మోకాళ్ల మీద కూర్చుంది. వచ్చినట్టే వచ్చి చివర ఒంటి గింజ మిగులుతోంది. ఎట్టకేలకు జత కుదిరే వేళకు క్వారీలో పేలుడు పేల్చారు. నేల అదిరి, చేటలో గింజలన్నీ ఎగిరి కలిసిపోయాయి. ఆమె ఏడుస్తూ మళ్లీ మొదలుపెట్టింది.

సాయంత్రం ఎండ వార్డు కిటికీలోంచి నారింజ రంగులో పడుతుండగా పెద్దనాన్నతో కలిసి వచ్చింది. అప్పటికే ఆడపిల్ల పుట్టింది. జ్యోతి కోపం మింగి బిడ్డను అందించింది. పెద్దమ్మ చేతులు చాపింది, మళ్లీ వెనక్కి లాక్కుంది. చూపు బిడ్డ వేళ్ల మీద, పెదవులు కదులుతున్నాయి.

"ప్రార్థన తర్వాత చేద్దువుగాని, ముందు ఎత్తుకోమ్మా" అంది జ్యోతి.

"ప్రార్థన కాదే" అంది పెద్దమ్మ. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "లెక్క. ఎప్పుడూ లెక్కే. నీ పిల్లని ఎత్తుకోవాలనుందే తల్లీ, అది ఎత్తుకోనివ్వట్లా."

పక్క మంచం చూస్తున్న డాక్టరమ్మ దగ్గరికొచ్చి, ఎన్నాళ్ల నుంచని మెల్లగా అడిగింది. అంతా విని ఇలా చెప్పింది.

"మెట్లెక్కుతూ లెక్కపెట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారమ్మా, దాన్ని జబ్బనం. ఆపాలనుకున్నా ఆగకపోతే, ఆపితే భయమేస్తే, మీ తిండీ నిద్రా పనీ అది తినేస్తుంటే, అప్పుడు డాక్టరు దగ్గరికి రావాలి. ఇంతదాకా ఆగక్కర్లేదు. దీన్ని ఓసీడీ అంటారు, తగ్గించొచ్చు." విజయవాడలో మానసిక వైద్యుడి పేరు రాసిచ్చింది.

"అంటే మా ఆవిడకు పిచ్చా?" అన్నాడు పెద్దనాన్న.

"మీ కాలు చితికితే కట్టు కట్టించుకున్నారా, దాచుకున్నారా?" అన్నాను. ఆయన డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మా పాస్టరుగారు ఏమంటారోనని భయపడ్డాం. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇది పెట్టుకున్నానని నాకు విశ్వాసం తగ్గిందా అమ్మా? వెళ్లి రండి" అన్నారు.

విజయవాడలో మందులిచ్చారు. వాటితోపాటు ఒక సాధన కూడా: పిడికెడు బియ్యం చూడకుండా డబ్బాలో వేసి, మూతపెట్టి, వచ్చే భయాన్ని రానివ్వడమే. మొదటిరోజు పెద్దమ్మ మూతపెట్టి, గడప పట్టుకుని కూర్చుంది. క్వారీలో పేలుడు వినపడింది. పొద్దు వాలింది. వీధి మళ్లీ తెల్లబడుతుండగా ఆ మంచులోంచి కుంటికాలు ఈడ్చుకుంటూ ఒక మనిషి వచ్చాడు. పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, "మీ పెద్దనాన్న వచ్చాడే" అంది. ఆయన రోజూ వచ్చే మనిషే. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

లెక్కలు పూర్తిగా పోలేదు. ఇప్పటికీ బస్సెక్కితే కిటికీల వైపు చూపు పోతుంది, మధ్యలో ఎక్కడో వదిలేస్తుంది.

పోయిన నెల మనవరాలిని చర్చిలో ప్రతిష్ఠించారు, అంటే ప్రార్థన చేసి దేవుడికి అప్పగించారు. ప్రార్థన జయమణి చెయ్యాలని అందరూ పట్టుబట్టారు. పెద్దమ్మ బిడ్డను ఎత్తుకుని ముందుకొచ్చింది. పెదవులు కదలకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు.

"ప్రభువా, ఈ పిల్ల నా చేతుల్లో ఉంది" అంది. తర్వాత ఊరుకుంది.

వెనక ఎవరో, "ఇంతేనా?" అని గొణిగారు.

ఇంతే. ఇన్నేళ్లలో మా పెద్దమ్మ చేసిన మొదటి ప్రార్థన అది.