పేరు అడగని డాక్టరు

“...అని నేనేమన్న దుష్మన్ లెక్క చెప్పిన్నా? నీ తమ్ముని బాగుకే చెప్పిన!”

“బాగా? నిన్ను నమ్మి ఇంట్ల చెప్పిన ముచ్చట, మిఠాయి డబ్బాతోటి తీసుకపోయి సుబేదార్ చేతుల పెట్టినవ్. ఇంకా నయం, బజార్ల డప్పు కొట్టలే!”

నల్లా దగ్గర్నుంచి వచ్చిన వజీర్ నీళ్ల బకెట్‌ను గడప అవతలే దింపాడు. లోపల కొట్లాడుకుంటున్నది అక్క జహీరా, బావ అన్వర్. ఆ ఇంట్లో మామూలుగా దక్కనీ మాట్లాడుకుంటారు. కోపం వస్తే మాత్రం గోదావరిఖని తెలుగులోకి దిగుతారు. సుబేదార్ అన్న మాట చెవిన పడగానే వజీర్ కదలలేకపోయాడు. ఇన్ని నెలలుగా అతను పగ పట్టింది వేరే మనిషి మీద.

వజీర్ పుట్టింది ఈ క్వార్టర్‌లోనే. తండ్రి యాకూబ్ బొగ్గుబాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఊపిరితిత్తులు చెడి ఆయన అన్‌ఫిట్ అయ్యేనాటికే వజీర్ కరీంనగర్‌లో జరిగిన భర్తీలో నెగ్గి ఫౌజుకు వెళ్లిపోయాడు. అన్‌ఫిట్ అయినవాడి నౌకరీ ఇంట్లోవాళ్లకే ఇచ్చే బాయి పద్ధతి ప్రకారం అది అల్లుడు అన్వర్‌కు వచ్చింది. ఆ వీధిలో అన్‌ఫిట్ అన్న మాటకు ఎవరూ భయపడరు. దాని మీద పెళ్లిళ్లు కుదుర్చుకుంటారు.

తొంభై ఒకటి చలికాలంలో సరిహద్దు దగ్గరి క్యాంపుకు ఒక మిలిటరీ డాక్టరు వచ్చాడు. డ్యూటీలో ఉన్న జవాన్లకు చావాలన్న ఆలోచనలు ఎందుకొస్తున్నాయో పరిశోధన చేస్తున్నాడట. ఒక్కొక్కరినే గుడారంలోకి పిలిచి, చాయ్ ఇప్పించి, “పేరు నాకొద్దు. మనసులో ఉన్నది చెప్పు” అన్నాడు. పక్క మంచం మీది స్నేహితుడు మంచుచరియల కింద పోయినప్పటినుంచి వజీర్‌కు నిద్ర లేదు. బతికి ఏం చేయాలన్న ఖయాల్ పొద్దుగూకే వేళకు వచ్చి పక్కన కూర్చునేది. అంతవరకు ఆ సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆరోజు చెప్పాడు. బయటికొచ్చి చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు. తర్వాతి సెలవులో ఇంటికొచ్చి జహీరాకు ఒక్కదానికే ఆ మాట చెప్పాడు.

అతను తిరిగి వెళ్లిన కొన్నాళ్లకు అతని పైఅధికారి, తెలుగువాడైన సుబేదార్ అచ్యుతరావు కూడా సొంత సెలవు ముగించుకుని వచ్చాడు. వస్తూనే వజీర్ దగ్గర రైఫిల్ తీసుకుని వంటశాలకు పంపాడు. అది వజీర్‌కు తప్పనిపించలేదు, కొంత ఊరట కూడా కలిగింది. కానీ రోజూ హాజరీలో అతని పేరు రాగానే సుబేదార్ ఆగేవాడు.

“ఏరా వజీరూ, ఇంకా బతికే ఉన్నావా?”

తెలుగులో ఒకసారి, అందరికీ అర్థమయ్యేలా హిందీలో ఇంకోసారి. వరుస మొత్తం నవ్వేది. కొన్నాళ్లకు సుబేదార్ అడగకముందే ఎవడో ఒకడు “జిందా హై సాబ్!” అని అరవడం మొదలుపెట్టాడు.

డాక్టరే బయటపెట్టాడని వజీర్ నమ్మాడు. ఆ మెత్తని గొంతు, ఆ చాయ్, అంతా మోసమే. ఉల్లిగడ్డలు తరుగుతూ, గంజులు తోముతూ ఆ మొహాన్నే తలుచుకునేవాడు. పగ కుదురుకున్నాక చావు ఖయాల్ కాస్త వెనక్కి జరిగింది. ఏడాది తిరిగాక మళ్లీ వచ్చి ఇదే జవాన్లను అడుగుతానని డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆనాడు అందరి ముందూ వాడి మొహాన ఉమ్మేయాలి. తర్వాత ఏ శిక్ష వేసినా సరే. అంతవరకైనా బతకాలి.

మళ్లీ సెలవు మీద ఇంటికొచ్చి, నిన్న ఆ మాట జహీరాతో అన్నాడు. ఆమె భయపడి, ఇవాళ అన్వర్ డ్యూటీ నుంచి రాగానే అతని చెవిన వేసింది. డాక్టరు కాదు, చెప్పింది తానేనని అన్వర్ నోరు జారాడు.

వజీర్ గడప దాటి లోపలికి వచ్చాడు. అప్పుడే స్నానం చేసిన అన్వర్ చెవుల వెనక బొగ్గుమసి ఇంకా పోలేదు.

“ఏం చెప్పినవ్ బావా? మొత్తం చెప్పు.”

అన్వర్ దాచలేదు. దాచవలసిందేదో ఉందని అతనికి తోచలేదు. “రామగుండంల సుబేదార్ తమ్ముడు ఇల్లు కట్టుకున్నడు. ఆయన వచ్చిండంటే పోయి సలాం కొట్టిన. సార్, మా బామ్మర్దికి పాణం తీసుకోవాలని ఖయాల్లు వస్తున్నయట, డాక్టర్‌కు గూడ చెప్పిండట, జర అన్‌ఫిట్ చేపియ్యిండ్రి అన్న. నువ్వు ఇంటికొస్తవ్, నీ నౌకరీ మా తమ్ముడు ముష్తాక్‌కు వస్తది. ఇద్దరు బాగుపడ్తరనుకున్న.”

“ఫౌజుల గట్ల ఎవడిస్తడు?”

“మామది నాకియ్యలేదా?”

జహీరా నెత్తి కొట్టుకుంది. “తూ! ఫౌజును గూడ మన బాయే అనుకున్నడు!”

వజీర్ చేతులు అన్వర్ బనియన్ పట్టుకున్నాయి. అక్కడినుంచి మెడ దాకా పోయాయి. జహీరా మధ్యలో దూరింది. ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నపు బ్లాస్టింగ్ మోగింది. గూట్లో గిన్నెలు గలగలలాడాయి. అప్పుడే వజీర్‌కు కాళ్ల కింద నేల ఖాళీ అయినట్టనిపించింది. ఏ మొహం కోసం ఇన్ని నెలలుగా తెల్లారి లేచాడో, ఆ మనిషికి ఏ పాపమూ తెలియదు. ఇక ఎవరి కోసం లేవాలి? చేతికి చిక్కి గుటకలు మింగుతున్న ఈ బావ కోసమా?

“వాన్ని ఇడువురా,” అన్నాడు మంచం మీదినుంచి యాకూబ్. “వాడు గాడిద, గంతే. నాకొకటి చెప్పు. బాయిల కప్పు డొల్లగ మోగుతుంది, కూలుతదని ఒక్కడు ఒర్రితె ఏం జేస్తుంటిమి?”

“బయటికి ఉరుకుతుంటిరి అబ్బా.”

“ఒర్రినోన్ని జూసి నవ్వుతుంటిమా?”

వజీర్ పట్టు వదలకుండానే తండ్రి వైపు తల తిప్పాడు.

“ఒకనాడు ఒకడు నవ్విండు. షిఫ్టు దిగినంక దీపాల గది ముంగట పండవెట్టి తన్నినం. మా మీది సర్దార్ సూసి గూడ అటు మల్లి నిలవడ్డడు.” ముసలాయనకు ఆ తన్నులు కళ్ల ముందు కనపడ్డట్టున్నాయి. నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

“ఫౌజు బాయి గాదు మామా,” అన్నాడు అన్వర్ ఊపిరాడక.

“గది నీకు గిప్పుడు తెలిసిందా?” అంది జహీరా.

వజీర్ చేతులు వదిలాడు. బయటికి పోయి బకెట్ తెచ్చి, నీళ్లు కుండలో పోశాడు. అడుగున మిగిలినవాటితో మొహం కడుక్కున్నాడు. తుడుచుకోకుండానే అన్వర్ వైపు తిరిగాడు.

“సోమారం బండికి పోతున్న. ఈసారి డాక్టర్ వద్దన్నా పేరు చెప్త. నాది గూడ, సుబేదార్‌ది గూడ. నువ్వు నాతోటి వస్తున్నవ్ బావా. డాక్టర్ ముంగట, అచ్యుతరావు మొకం సూసుకుంట, నాడు ఏమన్నవో మల్ల గదే అనాలె.”