వాకిట్లోంచి గీసిన ఇల్లు

నేను వేసే బొమ్మల్లో తలుపులన్నీ ఎత్తుగా ఉంటాయి. గడపలు సరిగ్గా కళ్లకు ఎదురుగా ఉంటాయి. మనుషుల పాదాలు ముఖాల కన్నా పెద్దవిగా పడతాయి. నాందేడ్‌లో నాకు బొమ్మలు నేర్పిన మాస్టారు అది నా శైలి అన్నారు. నేనూ మురిసిపోయి, ఇన్నేళ్లూ ఆ మాట అందరికీ చెప్పుకుని తిరిగాను.

మొన్న ఎండాకాలం మా ఊరి పటేలు కొడుకు ఫోన్ చేశాడు. మాది దెగ్లూర్ దగ్గర పల్లె. వాళ్ల పాత ఇల్లు కూల్చేస్తున్నారట, ఈలోపు లోపలి హాలు బొమ్మ వేసిపెట్టమన్నాడు.

"నువ్వు మా ఇంట్లనే పెరిగినవ్ గదా. నీకంటె మంచిగ ఎవరేస్తరు?"

మా అమ్మ నన్ను వెంటేసుకుని ఆ ఇంటికి పనికి వెళ్లేది, నిజమే. కానీ ఆ పనంతా వాకిట్లోనే. కందులు చెరగడం, పత్తిలో చెత్త ఏరడం. ఆ గడప దాటే కులం కాదు మాది. ఆయనకు ఆ సంగతే గుర్తు లేదు. ఒళ్లు మండింది, అయినా వెళ్లాను. లోపల ఏముందో చూడాలని చిన్నప్పటి నుంచి ఉన్న ఆశ ఇంకా చావలేదు మరి.

ఆయన మర్యాదగానే లోపలికి పిలిచి, కుర్చీ వేసి, చాయ్ ఇప్పించాడు. దూలాలు, గోడల్లో గూళ్లు, ఒక పాత ఉయ్యాల బల్ల. అంతే. పొద్దంతా కూర్చున్నా చెయ్యి సాగలేదు. విసుగొచ్చి బయటికి వచ్చి, మెట్ల కింద మట్టిలో కూలబడ్డాను. ఇక చెయ్యి ఆగలేదు. ఎత్తైన గడప, దాని వెనక చీకటి. నా శైలి అని మురిసిందంతా, మమ్మల్ని కింద కూర్చోబెట్టిన చోటు నుంచి కనిపించిందేనా? ఏడుపొచ్చింది.

బొమ్మను నాందేడ్‌కు తెచ్చి ఇంట్లో గోడకు ఆనించాను. నా దగ్గరే ఉంటున్న అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది.

"గీడనే గదా బిడ్డా, మనం కూసుండేది," అంది. ఆ తర్వాత బొమ్మ నాలుగు మూలలా వెతికింది. "నన్ను ఎయ్యలేదేంది?"

రోజూ నా పక్కనే కూర్చుని చెరిగిన మనిషి. ఆమె చాట చప్పుడు వింటూ నేను చూసిందల్లా ఆ తలుపునే.

బొమ్మ ఇవ్వనని పటేలు కొడుక్కి ఫోన్ చేసి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. రానీ అనుకున్నాను. ఆ సాయంత్రం బొమ్మ వేస్తానని అమ్మను కుర్చీలో కూర్చోమంటే, తనకు కిందే అలవాటని చాట ముందేసుకుని కూర్చుంది. నేనూ స్టూలు దిగి ఎదురుగా కూర్చున్నాను. చాట చప్పుడు వింటూ, ఆమె చేతుల్ని చూడకుండానే వేయగలిగాను. ముఖం కోసం మాత్రం మాటిమాటికీ తలెత్తి చూడాల్సి వచ్చింది.