పాప తల మీద ఒట్టు

2022లో నేను దుబాయ్‌లో, మత్తు అలవాటు మాన్పించే ఆస్పత్రిలో నర్సుని. కరామాలో ఉండే ప్రసాద్ మా దగ్గరే కొకైన్‌కి చికిత్స తీసుకుని ఇంటికెళ్ళాడు. ఫ్లాట్లు అమ్మే ఉద్యోగం. నాలాగే కాకినాడ వైపువాడు.

కొన్ని వారాలకే గుండెలో నొప్పంటూ వచ్చాడు. ఒళ్ళంతా చెమట, కనుపాపలు పెద్దవై ఉన్నాయి. "ఏమైనా తీసుకున్నావా బాబూ?" అంటే తల అడ్డంగా ఊపాడు. వెంట వచ్చిన బావమరిది చంటి నా మీద లేచాడు.

"బావెందుకు తీసుకుంటాడండీ? ఊరి నుంచి వీడియో కాల్లో మా చెల్లి, తన పాప నెత్తిన చెయ్యి పెట్టింది. ఇక ముట్టనని బావ చేత ఒట్టేయించాం."

నాకు ఒళ్ళు మండింది. గుండె వేగం తగ్గించడానికి బీటా బ్లాకర్ అనే మందు ఇస్తుంటారు. కొకైన్ ఒంట్లో ఉండగా అది పడితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్‌గారికి నిజం తెలియాలి, అదీ వెంటనే. చంటిని బయటికి పంపేశాను.

"ఇప్పుడు చెప్పు."

"చెప్తే ఒట్టు తప్పినట్టేగా అక్కా. పాపకేమైనా అయితే?"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు! పాపకి కావాల్సింది నాన్న."

పొద్దున్నే తీసుకున్నానని ఏడుస్తూ చెప్పాడు. దానికి తగ్గ మందులే ఇచ్చారు. సాయంత్రానికి నొప్పి తగ్గింది. నా కోపం మాత్రం తగ్గలేదు. చంటిని కూర్చోబెట్టి కడిగేశాను.

"మన మెదడు తన నొప్పి మందు తనే తయారుచేసుకుంటుందయ్యా. ఆ మందు వెళ్ళి అతుక్కునే చోట్లని ఓపియాయిడ్ రిసెప్టర్లంటారు. కొకైన్ ఆ ఏర్పాటునంతా తారుమారు చేస్తుంది. మానేశాక కూడా మెదడు వారాల తరబడి అది మళ్ళీ కావాలని పీకుతుంది. దాన్నే క్రేవింగ్ అంటారు. అది వచ్చినప్పుడు మాకు ఫోన్ చెయ్యమని చెప్పి పంపాం. మీరు అతని నోరు కట్టేశారు!"

"మంచికే కదండీ చేశాం."

"జ్వరమొచ్చినవాడి చేత ఇక రానివ్వనని ఒట్టేయిస్తారా?"

చంటికి అర్థమైందనుకున్నాను. ఇంటికి పంపే రోజు చూస్తే మళ్ళీ ఫోన్ తీసి, "చెల్లీ, పాపని పిలువు. ఈసారి గట్టిగా వేయిద్దాం" అంటున్నాడు. చదువుకున్నవాడే! ఫోన్ లాక్కుని ప్రసాద్ చేతికిచ్చాను, పాపతో ఊరికే మాట్లాడుకోమని.

ఇప్పుడు మనవాళ్ళెవరు చేరినా ఎంత తీసుకున్నావని ముందు అడగను. "ఎవరి మీద ఒట్టేశావు?" అని అడుగుతాను. పిల్లల పేరు చెప్పి ఏడుస్తారు. నిజం ఆ తర్వాతే వస్తుంది.