తట్టి చూడని బొమ్మ

కేజీఎఫ్ బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి మాట. మా ఎదురింటి మామ ఎవరి దగ్గరా బొమ్మలు నేర్చుకోలేదు. గని నుంచి రాగానే చెక్కపలక మీద గోనెపట్టా పరిచి, రాతిపొడి, రాగితీగ, చిరిగిన చొక్కా ముక్కలు అతికించేవాడు. చూస్తుండగానే అందులో సొరంగం పుట్టేది. దాని వేడి నా ముఖానికి తగిలినట్టుండేది.

గనిలో పైకప్పు రాయిని కడ్డీతో తట్టి, మోతను బట్టి అది నిలుస్తుందో ఊడిపడుతుందో చెప్పడం ఆయన పని. పూర్తయిన బొమ్మనూ అలాగే వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్న బొమ్మను సైతం, "ఈడ డొల్లగా ఉండాదమ్మా" అంటూ పీకేసి మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఒక్కదాన్ని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. కూలిన నల్లరాళ్ల మధ్య ఇత్తడి రేకుతో చేసిన చిన్న దీపం. ఏ వెలుతురులో చూసినా అది మండుతున్నట్టే ఉండేది. గనిలో పైకప్పు రాయి పడి పోయిన ఆయన తమ్ముడి దీపమని వీధంతటికీ తెలుసు.

"దీన్ని తట్టి చూడవా మామా?" అని ఒకరోజు అడిగాను.

ఆయన చెయ్యి పలక దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఆ పొద్దు ఆ రాయిని నేనే తట్టినానమ్మా. గట్టిగానే పలికింది. ఇంగ రారా అని వాణ్ణి పిలిచినాను."